డోంగ్లి అంబాసిడర్‌లో ఉన్న ఇంజను ఎక్కడిది?



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇవ్వమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు, రాజుల గురించీ కోటల గురించీ రాసేంత చదువు నాకు లేదని చెప్పాను. సర్వీసంతా ఆర్టీసీ గ్యారేజీలో ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. "అయితే ఇంజను చరిత్రే రాయండి" అన్నారు. ఆ మాట పట్టుకుని, మా అక్కగారి ఇంట్లో ఉన్న పాత అంబాసిడర్ కారు గురించీ, అందులో మారిన ఇంజను గురించీ రాస్తున్నాను. ఇందులో దేశం సంగతులు కొన్ని, నా సొంత సంగతి ఒకటి ఉన్నాయి. పెద్ద మనసుతో చదవగలరు.

మా అక్క మెట్టిన ఊరు డోంగ్లి. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా మద్నూర్ మండలంలో ఉండేది. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2022లో తానే ఒక మండల కేంద్రమైంది. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే. అక్కడివాళ్లకు బజారుకైనా, వైద్యానికైనా, బండి బాగు చేయించడానికైనా దెగ్లూర్ దగ్గర. తెలుగు, మరాఠీ రెండూ ఇంట్లో మాటలే. మా బావ 1970ల్లో ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. సలాబత్‌పూర్ హనుమాన్ గుడికి పోవాలన్నా, పురిటినొప్పుల మనిషిని రాత్రిపూట ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా ఊళ్లో అదే కారు. వానాకాలం నల్లరేగడిలో దిగబడితే పదిమంది తోసేవాళ్లు. ఆ తోసినవాళ్లలో సగం మంది ఏదో ఒకనాడు అందులో ఎక్కినవాళ్లే.

బావ పోయి చాలా ఏళ్లయింది. కారు కొట్టంలో జొన్నచొప్ప పక్కన నిలబడిపోయింది. ఈమధ్య మా మేనల్లుడికి దానిమీద మనసు పడింది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చిన సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. కొత్తగా నమోదు చేయించుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నంబరు పలకమీద 'వి.ఎ.' అనే అక్షరాలు వస్తాయి. అయితే ఒక షరతు ఉంది. బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు చేసి ఉండకూడదు.

మేనల్లుడు ఇంజను నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీశాడు. ఆర్.సి. పుస్తకంలోని నంబరుతో సరిచూశాడు. వెంటనే నాకు ఫోను చేశాడు.

"మామా, చాసిస్ నంబరు కలిసింది గని ఇంజను నంబరు కలుస్తలేదు. గిది నాయన కారు ఇంజను కాదా?"

నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. నలభై ఏళ్ల కింద డోంగ్లిలో అరుగుల మీద కూర్చున్నవాళ్లు దానికి జవాబు కూడా చెప్పేశారు. "బామ్మర్ది ఆర్టీసీల ఉన్నడు గదా, ఆఫీసర్ల కారు ఇంజను గుంజుకొచ్చి పెట్టిండు" అని. ఆ బామ్మర్దిని నేనే.

ఇంజను మారడం తప్పా?

మన సంస్థలో పనిచేసినవాళ్లకు ఇంజను మారడం వింతేమీ కాదు. 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. అప్పటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గోలో తయారైనవి. ఆనాటి నుంచి ఇప్పటిదాకా సూత్రం ఒకటే: బస్సు రోడ్డు మీద ఉండాలి. ఇంజను మొరాయిస్తే బస్సును నెలల తరబడి నిలబెట్టేవాళ్లం కాదు. ఓవర్‌హాల్ అయి వచ్చిన వేరే ఇంజను ఎక్కించి బండిని పంపేవాళ్లం. దించిన ఇంజను వర్క్‌షాపుకు పోయి, బాగుపడి, ఇంకెక్కడో ఇంకో బస్సుకు ఎక్కేది. ఒక బస్సు తన జీవితంలో మూడు నాలుగు ఇంజన్లు చూసేది. ఒక ఇంజను మూడు నాలుగు బస్సుల్లో తిరిగేది.

అయినా ఏ ఇంజను ఎక్కడిదన్న అనుమానం ఎన్నడూ రాలేదు. ఎందుకంటే ప్రతి ఇంజనుకూ తన నంబరు, తన రికార్డు ఉండేవి. ఏ తేదీన ఏ బండికి ఎక్కింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు దిగింది అన్నీ రాసేవాళ్లం. చేతులు నూనెతో ఉన్నా ముందు రాసి తర్వాత కడుక్కోమని మా ఫోర్‌మన్ గారు చెప్పేవారు. సొంత బండ్ల వాళ్లకు ఆ అలవాటు ఉండదు. ఇంజను మారుస్తారు, కాగితం మార్చరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా ఇంజను మార్చినట్లయితే పధ్నాలుగు రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. ఎంతమంది చేశారో పాఠకులే ఊహించుకోవచ్చు.

కనుక డోంగ్లికి పోయి ఇంజను చూసి వద్దామని బయలుదేరాను. నా పనిముట్ల సంచిలో వర్నియర్, డెప్త్ గేజీ, టార్చిలైటు, ఒక పాత టూత్‌బ్రష్షు పెట్టుకున్నాను. వయసు పైబడింది, వంగితే నడుము పట్టేస్తుంది. అయినా పోవాలనిపించింది.

అంబాసిడర్ పుట్టుక

ఇంజను పుట్టుపూర్వోత్తరాలు తెలియాలంటే ముందు కారు పుట్టుక తెలియాలి. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో ఏర్పడింది. మొదట గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో పని మొదలుపెట్టి, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకు మారింది. ఇంగ్లండు మోరిస్ కంపెనీ కార్లనే ఇక్కడ వేరే పేర్లతో తయారుచేసేవారు. హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, తర్వాత 1954లో ల్యాండ్‌మాస్టర్, 1957లో అంబాసిడర్. ఈ అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారుకు మన దేశపు రూపం.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ కారుకు 1954లోనే కొత్త రకం ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను పెట్టారు. మన దగ్గర మాత్రం ల్యాండ్‌మాస్టర్‌కూ, తొలి అంబాసిడర్లకూ అంతకు ముందు తరం సైడ్ వాల్వు ఇంజనే కొనసాగింది. అంటే ఒళ్లు కొత్త కారుది, గుండె పాత కారుది. 1959లో గాని అంబాసిడర్‌కు ఆ కొత్త ఇంజను రాలేదు.

ఈ రెండింటికీ తేడా ఏమిటో ఆడవాళ్లకూ పిల్లలకూ కూడా అర్థమయ్యేలా చెబుతాను. ఇంజను సిలిండరులోకి పెట్రోలు ఆవిరి రావడానికీ, పొగ పోవడానికీ తలుపుల్లాంటి వాల్వులు ఉంటాయి. సైడ్ వాల్వు ఇంజనులో ఆ తలుపులు సిలిండరు పక్కన, కింద బ్లాకులోనే ఉంటాయి. పైన హెడ్డు అన్నది గిన్నెమీద మూతలాంటిది, చదునుగా ఉంటుంది. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజనులో తలుపులు పైన హెడ్డులో ఉంటాయి. కింద కామ్‌షాఫ్టు తిరుగుతుంటే పుష్‌రాడ్లు పైకి తోస్తాయి, పైన రాకర్లు వాల్వులను నొక్కుతాయి. వాటి మీద రేకుతో చేసిన పొడుగాటి కవరు ఉంటుంది. బానెట్ ఎత్తగానే ఆ కవరు కనబడిందంటే అది ఓవర్‌హెడ్ ఇంజనే.

పాత సైడ్ వాల్వు ఇంజను సామర్థ్యం 1476 సి.సి. 1959లో వచ్చిన ఇంజను 1489 సి.సి. దాన్ని బి.ఎం.సి. బి-సిరీస్ అంటారు. బి.ఎం.సి. అంటే ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసి ఏర్పడిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్. రెండు ఇంజన్ల మధ్య తేడా 13 సి.సి. మాత్రమే. చిన్న టీ గ్లాసులో నాలుగో వంతు కూడా ఉండదు. కానీ లోపలి నిర్మాణం పూర్తిగా వేరు.

మా బావ కారు ఆర్.సి. పుస్తకంలో తయారైన సంవత్సరం 1958 అని ఉంది. నేను బానెట్ ఎత్తాను. చొప్ప దుమ్ము, ఎలుకలు కొరికిన వైర్లు, వాటి మధ్య పొడుగాటి రాకర్ కవరు. నంబరు చూడకుండానే మొదటి సంగతి తేలిపోయింది. 1958 కారులో 1959 తర్వాతి ఇంజను ఉంది. కారు పుట్టినప్పుడు ఈ ఇంజను దానిలో లేదు.

స్ట్రోకు అబద్ధమాడదు

అయితే ఏ ఇంజను? ఈ ప్రశ్నకు తేలిక జవాబు లేదు. అంబాసిడర్ కార్లలో మన మిస్త్రీలు ఎన్ని రకాల ఇంజన్లు కూర్చోబెట్టారో చెప్పనలవి కాదు. మ్యాటడార్ వ్యానుకు వచ్చిన మెర్సిడెస్ డీజిలు ఇంజను పెట్టినవాళ్లున్నారు. కాంటెస్సా కారు ఇసుజు ఇంజను పెట్టినవాళ్లున్నారు. కంపెనీ వారే 1990ల్లో ఇసుజు 1.8 ఇంజనుతో అంబాసిడర్ అమ్మారు. అంతకు ముందే, 1980 ప్రాంతంలో, బి.ఎం.సి. డీజిలు ఇంజనుతో అంబాసిడర్ వచ్చింది. మన దేశంలో తయారైన తొలి డీజిలు కారు అదే.

ఇంజను మనిషిని పట్టుకోవడానికి వేలిముద్రలాంటివి రెండున్నాయి: బోరు, స్ట్రోకు. బోరు అంటే సిలిండరు వెడల్పు. స్ట్రోకు అంటే పిస్టను కిందికీ పైకీ కదిలే దూరం. బోరును బోరుతో హెచ్చించి, దాన్ని 0.7854తో, తర్వాత స్ట్రోకుతో, సిలిండర్ల సంఖ్యతో హెచ్చిస్తే ఇంజను సామర్థ్యం వస్తుంది. మిల్లీమీటర్లలో లెక్క వేస్తే చివర వెయ్యితో భాగించాలి. మనవళ్లకు లెక్కల పాఠంగా కూడా పనికొస్తుంది.

నాకు తెలిసిన కొలతలు ఇవి. సైడ్ వాల్వు ఇంజను బోరు 73.5, స్ట్రోకు 87 మిల్లీమీటర్లు. బి-సిరీస్ బోరు 73.025, స్ట్రోకు 88.9. ఇసుజు 1.8 బోరు 84, స్ట్రోకు 82. మ్యాటడార్ మెర్సిడెస్ బోరు 91, స్ట్రోకు 92.4.

ఎలాగూ హెడ్డు ప్యాకింగ్ పోయి నీళ్లు దిగినట్టుంది కనుక హెడ్డు విప్పాం. మేనల్లుడు పానా పట్టాడు, నేను స్టూలు మీద కూర్చుని చెప్పాను. కార్బను గీకి, తుడిచి, బోరు కొలిచాను. 74.04 వచ్చింది. రెండోసారి కొలిచినా అంతే. స్ట్రోకు 88.9. లెక్క వేస్తే 1531 సి.సి. అట్లాంటి ఇంజను అంబాసిడర్‌కు ఏ కంపెనీవాళ్లూ చేయలేదు.

"మామా, తప్పు కొలిచినవా?" అని మేనల్లుడు అడిగాడు.

తప్పు కొలవలేదు. పిస్టను తలమీది మసిని టూత్‌బ్రష్షుతో రుద్దితే '040' అన్న అంకె బయటపడింది. గ్యారేజీలో పనిచేసినవాళ్లకు ఇంక చెప్పనక్కర్లేదు. ఇంజను తిరిగి తిరిగి సిలిండరు అరిగినప్పుడు లేతు మిషను మీద బోరు పెద్దది చేసి, దానికి తగిన పెద్ద పిస్టన్లు వేస్తారు. '040' అంటే అంగుళంలో వెయ్యో వంతులు నలభై, అంటే ఒక మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. 74.04లోంచి అది తీసేస్తే 73.025 దగ్గరకు వచ్చి నిలబడింది. బోరు కాలంతో మారుతుంది. స్ట్రోకు మారదు, ఎందుకంటే అది క్రాంకుషాఫ్టులో ఉంది. కనుక ఇది బి-సిరీస్ ఇంజనే, బోరు కొట్టించినది.

ఇంకొక చిక్కు మిగిలింది. బి.ఎం.సి. డీజిలు ఇంజను కూడా పెట్రోలు ఇంజను కొలతలతోనే 1489 సి.సి. ఉంటుంది. కొలతతో ఆ రెండింటినీ వేరు చేయలేం. కానీ డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గులు ఉండవు, ఇంజెక్టర్లు ఉంటాయి. దీనికి ప్లగ్గులున్నాయి, డిస్ట్రిబ్యూటరు ఉంది, కార్బురేటరు ఉంది. హెడ్డులో వాల్వుల చోటు చూస్తే గుండె ఆకారంలో పల్లం ఉంది. అది హ్యారీ వెస్లేక్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపొందించిన పద్ధతి, బి-సిరీస్ పెట్రోలు హెడ్డుకు గుర్తు.

ఇంజను కూర్చున్న మౌంటింగుల దగ్గర అదనంగా రేకు ముక్కలు పెట్టి వెల్డింగు చేసి ఉంది. అది ఫ్యాక్టరీ పని కాదు, మిస్త్రీ పని. ముక్కల కొనలు చక్కగా రాకి ఉన్నాయి. పగలు, తీరిగ్గా, పనిమీద గౌరవంతో చేసిన వెల్డింగు అది.

నంబరు పలక చెప్పిన మాట

ఇంజను ఏమిటో తెలిసింది. ఎవరిదో తెలియలేదు. నా గుండెల్లో ఉన్న ముల్లు అదే.

1984లో మా బావ ఒకసారి నా దగ్గరికి వచ్చాడు. కారు ఇంజను పోయిందనీ, సామాన్లు దొరకడం లేదనీ, గ్యారేజీలో తెలిసినవాళ్ల ద్వారా ఏదైనా చూడమనీ అడిగాడు. ఆ మాట నాకు తప్పుగా వినబడింది. "నా ఉద్యోగం తీయించుకుందామని వచ్చినవా బావా?" అన్నాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా బస్సెక్కి పోయాడు. రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకే కారు మళ్లీ తిరుగుతోందని తెలిసింది. ఊళ్లో పుకారు పుట్టింది. నేను ఇవ్వలేదని నాకు తెలుసు. మరి ఎక్కడిది? దొంగ సరుకేమోనని నేనూ మనసులో అనుకున్నాను. అడగలేదు. తర్వాత మాటలు కలిశాయి, పెళ్లిళ్లకు పేరంటాలకు వచ్చిపోయాం, కానీ ఆ ఒక్క సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఆయన పోయే నాటికి కూడా నా అనుమానం నాలోనే ఉంది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చరిత్ర రాస్తానని ఒప్పుకున్నాక దాచడం భావ్యం కాదు.

నంబరు ఒక చిన్న పలకమీద ఉంది. ఆ పలకను ఇంజను బ్లాకుకు రివెట్లతో బిగించారు. నేను టార్చి వేసి చాలాసేపు రివెట్ల వైపే చూశాను. పాత రివెట్లు. వాటి చుట్టూ రంగు, జిడ్డు ఒకే పొరగా పట్టి ఉన్నాయి. ఎవరూ కదిపిన జాడ లేదు.

అప్పుడు తట్టింది. దొంగ ఇంజను పెట్టేవాడు ముందుగా ఏం చేస్తాడు? పాత ఇంజను పలక ఊడదీసి కొత్త ఇంజనుకు కొడతాడు. రెండు రివెట్ల పని, పావుగంట చాలు. అప్పుడు నంబరు ఆర్.సి.తో కలుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. మా బావ కారులో నంబరు కలవలేదు. ఎందుకు కలవలేదంటే ఎవరూ దాచాలనుకోలేదు కనుక. నలభై ఏళ్లుగా ఏ తేడాను చూసి నేను అనుమానపడ్డానో ఆ తేడాయే ఆయన నిజాయితీకి సాక్ష్యం.

అయినా ఇది తర్కం మాత్రమే, కాగితం కాదు. ఆ సాయంత్రం అక్కను అడిగాను. ఆమె ఏమీ తడుముకోకుండా లోపలికి పోయి పిల్లల జాతకాలు దాచే రేకు డబ్బా తెచ్చింది. అడుగున నాలుగు మడతలు పెట్టిన చీటీ ఉంది.

"కాగితం పారెయ్యకు, నిజామాబాద్ పోయి పుస్తకంల ఎక్కించాలె అని మీ బావ ఇచ్చిండు తమ్మీ. రేపు మాపు అనుకుంటనే పోయిండు."

"ఇన్నేండ్లు చెప్పలేదేంది అక్కా?"

"నువ్వు అడిగితివా?"

చీటీ మరాఠీలో ఉంది. సరిహద్దు అవతలి మిస్త్రీ రాసి ఇచ్చినది. సంవత్సరం 1984. నాందేడ్ టాక్సీ యజమాని ఒకరు తన అంబాసిడర్‌కు డీజిలు ఇంజను పెట్టించుకున్నాడనీ, దించిన పెట్రోలు ఇంజనును గేరుబాక్సుతో సహా ఈయనకు అమ్మాడనీ, సొమ్ము ముట్టిందనీ ఉంది. కింద ఇంజను నంబరు. మేనల్లుడు పెన్సిలు ప్రింటు పక్కన పెట్టి ఒక్కొక్క అంకె చదివాడు. అన్నీ కలిశాయి.

ఎడారి నుంచి డోంగ్లి దాకా

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే, ఈ ఇంజను డోంగ్లికి రావడానికి కారణం మా బావా కాదు, నాందేడ్ టాక్సీవాడూ కాదనిపించింది. 1973 అక్టోబరులో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురును ఆయుధం చేసుకున్నాయి. కొన్ని నెలల్లో ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. 1979లో ఇరాన్ విప్లవంతో రెండో దెబ్బ తగిలింది. మన ప్రభుత్వం రైతులనూ లారీలనూ బస్సులనూ దృష్టిలో పెట్టుకుని డీజిలు ధరను పెట్రోలు కంటే బాగా తక్కువగా ఉంచింది. పెట్రోలు అంబాసిడర్ నడిపే టాక్సీవాళ్లకు గిట్టుబాటు కాలేదు. ఇంజను తీసేసి డీజిలు ఇంజను పెట్టించుకోవడం మొదలుపెట్టారు.

అట్లా దించిన పెట్రోలు ఇంజన్లు షెడ్ల మూలల్లో పడి ఉండేవి. ఇంకా ఊపిరి ఉన్న ఇంజన్లు. వాటిని ఎవరు కొంటారు? మా బావలాంటివాళ్లు. 1958 కారులోని సైడ్ వాల్వు ఇంజనును అంబాసిడర్‌కు 1959తోనే ఆపేశారు. 1984 నాటికి దాని సామాన్లు ఎక్కడ దొరుకుతాయి? బి-సిరీస్ సామాన్లు మాత్రం ఏ తాలూకా కేంద్రంలోనైనా దొరికేవి. కొత్త ఇంజను కొనే స్తోమత లేదు. పాతది బాగుపడదు. టాక్సీకి పనికిరానిది ఊరి కారుకు పనికొచ్చింది. ఇందులో దొంగతనమేముంది? ఆర్టీసీలో మేం చేసిన పనే ఆయన సొంత డబ్బుతో చేశాడు. రాయడం ఒక్కటే మిగిలిపోయింది.

ఇది నాయన కారేనా?

మరునాడు పొద్దున మేనల్లుడు ఒక మాట అడిగాడు. "ఇంజను వేరే కారుది అన్నప్పుడు ఇది నాయన కారే అంటమా మామా?"

దీనికి లండన్ హైకోర్టు 1990లో ఒక జవాబు చెప్పింది. బెంట్లీ కంపెనీ రేసు కారు ఒకటి, దాన్ని 'ఓల్డ్ నంబర్ వన్' అంటారు, ఫ్రాన్సులోని ల మాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో 1929లోనూ 1930లోనూ గెలిచింది. ఆ తర్వాత దానికి ఇంజను మార్చారు, పెద్దది పెట్టారు. 1932లో ప్రమాదానికి గురై నడిపేవాడు చనిపోయాడు. మళ్లీ కట్టారు. అరవై ఏళ్ల తర్వాత దాన్ని కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్నవాళ్లు, ఇందులో గెలిచిన నాటి భాగాలు దాదాపు ఏమీ లేవు, ఇది ఆ కారు కాదు అని అడ్డం తిరిగారు. కోర్టు ఒప్పుకోలేదు. భాగాలు మారినా కారు చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరు చెప్పుకోగల కారు వేరొకటి లేదు, కనుక ఇదే అది అని తీర్పు చెప్పింది.

మన కారు కోటి పౌండ్లది కాదు. కొట్టంలో ఉన్నది. కానీ తర్కం అదే. "మీ నాయన కొన్నడు, మీ నాయన ఇంజను మార్పించిండు, మీ నాయన నడిపిండు. ఏ ఏడు ఏమైందో నీకు తెలిసింది. ఇది మీ నాయన కారే అల్లుడా" అన్నాను.

వింటేజ్ నమోదు దొరుకుతుందా లేదా అన్నది వేరే సంగతి. అదే కంపెనీ, అదే పేరు కారుకు తర్వాత వచ్చిన ఇంజను పెడితే అది నిబంధనల్లో చెప్పిన పెద్ద మార్పు అవుతుందా కాదా అన్నది అధికారులు తేల్చవలసిన విషయం. దాచకుండా చెప్పవలసింది మనం. ఇద్దరు ముగ్గురు స్నేహితులు మేనల్లుడికి, పలక మీద పాత నంబరు కొట్టిస్తే ఎవరికి తెలుస్తుందని సలహా ఇచ్చారట. నలభై ఏళ్ల కింద వాళ్ల నాయన చేయని పనిని కొడుకు చేయలేదు. చీటీకి తెలుగు అనువాదం నేనే రాసి ఇచ్చాను. ముందు ఇంజను మార్పును రికార్డులో ఎక్కించమని, దాని తర్వాతే మిగతాది చూడమని దరఖాస్తు తయారు చేశాం.

అరుగుల మీద పుకారు పుట్టించినవాళ్లలో ఒకాయన ఇంకా ఉన్నాడు. చెవులు సరిగా వినబడవు. కారు దగ్గరికి వచ్చి, విప్పిన హెడ్డు వైపు చూసి, "ఆర్టీసీ ఇంజనేనా?" అన్నాడు. నేను చీటీ చూపించి గట్టిగా చదివాను. "నాందేడ్‌దా! అరే, మాకు తెల్వకపాయె" అన్నాడు. అంతే. నలభై ఏళ్ల మచ్చ అంత తేలిగ్గా పోయింది. ఆ మాట వినవలసిన మనిషి మాత్రం లేడు.

సభ్యులందరికీ ఒక మనవి. మీ ఇళ్లలో పాత స్కూటరో, మోపెడో, కారో ఉంటే దాని చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిచూసుకోండి. మార్చినవి ఉంటే ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది ఒక కాగితం మీద రాసి పిల్లలకు ఇవ్వండి. పెన్షను కాగితాలు దాచుకున్నంత శ్రద్ధగా అదీ దాచండి. ఇంకొక మాట. ఎవరి మీదనైనా పాత అనుమానం ఏదైనా మనసులో ఉంటే, ఆ మనిషి ఉండగానే అడగండి. నేను హెడ్డు విప్పి తెలుసుకున్నదంతా 1984లోనే డోంగ్లికి బస్సెక్కి పోయి ఉంటే మా బావ ఒక్క మాటలో చెప్పేవాడు.

సెలవు.